చెరువు నిండిన రోజు మనం ఎక్కడ నిలబడాలి?

 

పుట్టపర్తి చుట్టుపక్కల చెరువు కట్టల కింద ఉండే వాడల్లో, ధమ్మదీక్ష తీసుకున్న ఇళ్లలో, ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. చెరువు నిండి మరువ పారిన రోజు ఊరంతా కట్ట మీదికి పోతుంది. ఆడవాళ్లు పసుపు కుంకుమ, చీర, గాజులు, కొబ్బరికాయ పట్టుకొని గంగపూజకు పోతారు. నాయకులు వచ్చి జలహారతి ఇస్తారు. కొన్నిచోట్ల పొట్టేలును కోస్తారు. తప్పెట్లు మోగుతాయి. ఆ రోజు బౌద్ధుల ఇంటివాళ్లు ఏం చేయాలి? పోవాలా, తలుపేసుకొని ఇంట్లో కూర్చోవాలా?

"ఇదేం ప్రశ్న? 22 ప్రతిజ్ఞలు తీసుకున్నాం. పోకూడదు, అంతే" అనే అన్నలు మనలో ఉన్నారు. "ఊర్లో నలుగురితో బతకాలి కదప్పా, ఒక్క కాయ కొట్టొస్తే ఏం పోతుంది" అనే పెద్దవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లు ప్రతిజ్ఞను కాపాడుకుంటున్నారు, రెండోవాళ్లు ఇరుగుపొరుగును కాపాడుకుంటున్నారు. రెండూ కాపాడుకోవలసినవే. అయితే ఈ వాదంలో అసలు చెరువు ఎవరికీ గుర్తుకు రావడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన నేల సంగతి మనకు తెలియనిది కాదు. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. అదైనా ఒక తీరుగా పడదు. రెండేళ్లు ఎండబెట్టి, మూడో ఏడు ఒక్క వారంలో కుమ్మరించి పోతుంది. చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఊళ్ల పేర్లు కూడా నీళ్ల చుట్టే తిరుగుతాయి. పుట్టపర్తి నుంచి ధర్మవరం దారి పట్టుకుంటే బుక్కరాయల పేరు మోసే బుక్కపట్నం, దాని పెద్ద చెరువు కనిపిస్తాయి. అది దాటితే కొత్తచెరువు, ఊరి పేరే చెరువు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. సముద్రం చూడని జనం చెరువుకే సముద్రమని పేరు పెట్టుకున్నారు.

కట్ట కింద బతికే వాళ్లకు చెరువు పండగ రోజు వచ్చే దేవత కాదు, రోజూ కనిపించే పొరుగు మనిషి. తెల్లారగానే కట్ట మీద నడిచేవాళ్లు నడుస్తారు. గొర్రెలు, బర్రెలు దిగుతాయి. బట్టలు ఉతికే చప్పుడు వినపడుతుంది. నీళ్లున్న ఏడు పిల్లోళ్లు బడి ఎగ్గొట్టి ఈతకు పోతారు, తల్లులు కట్టె పట్టుకొని వెనకాల పోతారు. చేపలు పట్టేవాళ్లు వలలు ఆరేస్తారు. నీళ్లు లేని ఏడు అదే చెరువులో కంపచెట్లు లేస్తాయి, మేకలు మేస్తాయి, కుర్రాళ్లు క్రికెట్ ఆడతారు. పొద్దుగూకితే మన మొగోళ్లు కొందరు సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు పట్టుకొని కట్టెక్కుతారు. మందు ముట్టనని ప్రతిజ్ఞ చేసినవాళ్లు కూడా వాళ్లలో కనపడతారు, ఆ సంగతి ఇంకో పుస్తకంలో రాసుకుందాం. పొద్దున చూస్తే ఆ గ్లాసులు నీళ్ల మీద తేలుతుంటాయి.

ఇప్పుడు గంగమ్మ సంగతికి వద్దాం. మనవాళ్లు కొందరు ఒక గట్టి మాట అంటారు. "గంగమ్మ బ్రాహ్మల దేవత కాదు. మనువుకూ ఆమెకూ సంబంధం లేదు. చాలాచోట్ల పూజ చేసేది మన మాల మాదిగలే. మన తల్లిని మనమెందుకు వదులుకోవాలి?" ఈ మాటను ఎగతాళి చేయకూడదు. గ్రామదేవతల చరిత్రలో కింది కులాల చరిత్ర ఉంది, అది నిజం. అయితే బుద్ధుడు అడిగే ప్రశ్న దేవత ఏ కులానిది అని కాదు. ఒక పని ఎందుకు జరిగింది, ఏ కారణం వల్ల జరిగింది అని. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. కట్ట నిలిస్తే దానికి కారణం ఉంటుంది, తెగితే దానికీ కారణం ఉంటుంది.

కారణం వెతకకుండా కోపం వెతికితే ఏమవుతుందో చెప్పే కథ మన పాత జిల్లాలోనే ఉంది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే, ఒక రెడ్డి ఇంటి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తేనే నిలుస్తుందని ఆకాశవాణి పలికిందట. ఆమె నడిచిపోయి గండిలో నిలబడిందట. కట్టమంచి రామలింగారెడ్డి చదువుకునే రోజుల్లో 'ముసలమ్మ మరణము' అని కావ్యం రాసింది ఈ కథ మీదే. ఆ తల్లి త్యాగాన్ని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కథ వింటే గుండె బరువెక్కుతుంది. ఊరి పెద్దలు, మగవాళ్లు అందరూ గట్టు మీద నిలబడి ఉండగా, పేరెత్తి పిలిచింది ఒక కోడలు పిల్లనే. రెడ్డి ఇల్లయినా సరే, ఆడపిల్ల కాబట్టి పిలుపు ఆమెకే వచ్చింది. దేవతకు కోపం ఉందని ఒప్పుకుంటే ఆ కోపానికి ఎవరో ఒకరు మెడ వంచాలి. మనిషి పోయి పొట్టేలు రావడం కొంత నయమే. అయినా సకల ప్రాణుల మీద కరుణ చూపుతానని 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మన చేత చేయించిన ప్రతిజ్ఞకు పొట్టేలు మెడ కూడా అడ్డమే.

చెరువు కట్టినవాళ్లకు కారణాలు తెలియవా అంటే, బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించినది. అందులో దేవుళ్ల స్తుతి ఉంది, పుణ్యం మాట ఉంది. దాంతోపాటు మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా రాశారు. కట్టలోంచి నీరు ఊరడం దోషం, చౌడు నేల దోషం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువైతే దోషం. ఈ దోషాలన్నీ నేలవీ, నీటివీ, కట్టడానివీ. దేవత అలక అనే దోషం ఆ లెక్కలో లేదు. పనికి వెయ్యి మంది కూలీలు, రాతి కట్టడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాశారు. రాజుగారి పేరు ఆ రాయి మీద ఉంది. వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు. మట్టి మోసిన ఆ తట్టల వాళ్లు ఎవరై ఉంటారో మీరే ఆలోచించండి.

చెరువు కట్టాక దాన్ని నడిపినవాళ్ల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మన సీమలో చాలా ఊళ్లలో నీరుగంటి పని మాల మాదిగల ఇళ్లదే. తూము తీసేది ఆయన, మూసేది ఆయన. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో, ఎవరి వంతు ఎప్పుడో చూసేది ఆయన. రాత్రి పూట గొంతు దాకా నీళ్లలో దిగి తూము సరిచేసేదీ ఆయనే. రెడ్డి మడికీ, కరణం మడికీ ఆయన చేతి మీదుగానే నీళ్లు పోయేవి. పొద్దున్నే ఆయన భార్య ఊరి బావి దగ్గరికి పోతే చేద ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఎవరైనా దయతలచి పైనుంచి బిందెలో పోస్తే తెచ్చుకోవాలి. వెయ్యి ఎకరాల నీళ్లు ముట్టినా మైల పడని చేయి ఒక్క చేదను ముట్టితే మైల పడేది! పొలానికి పోయే నీళ్లలో లేని మైల తాగే నీళ్లలోకి ఎట్లా వచ్చింది? నీళ్లను అడిగితే చెప్పవు. మనుషులను అడగాలి.

బాబాసాహెబ్ ఆ మనుషులనే అడిగాడు. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానం చేసింది. మహాడ్ మునిసిపాలిటీ తన చౌదార్ చెరువును కాగితం మీద తెరిచింది కూడా. అయినా ఎవరూ దిగే ధైర్యం చేయలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచిపోయి ఆ నీళ్లు దోసిట పట్టి తాగాడు. తరువాత సవర్ణులు 108 కుండల పేడ, పంచితం, పాలు, పెరుగు పోసి చెరువును 'శుద్ధి' చేశారు. చెరువులో బర్రెలు దిగినా చేయని శుద్ధి అది. కోర్టులో ఆ గొడవ 1937 మార్చి 17న హైకోర్టు తీర్పు వచ్చేదాకా, పదేళ్లు నడిచింది. ఆ చెరువు నీళ్లు లేకపోతే బతకలేమని ఆయన పోలేదు. మేమూ మీలాంటి మనుషులమే అని నిలబెట్టడానికి పోయాడు.

అదంతా ఎక్కడో మరాఠా దేశంలో, ఎప్పుడో అనుకునేవాళ్లు కారంచేడును తలుచుకోవాలి. ప్రకాశం జిల్లాలో, 1985 జూలైలో, మాదిగవాడ తాగే చెరువు నీళ్లను మురికి చేయవద్దని అడిగినందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్త అనే అక్క చేతిలోని బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మరునాడు, జూలై 17న, దాడి చేసి ఆరుగురు మాదిగలను చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ఆ నెత్తురులోంచే దళిత మహాసభ పుట్టింది. మన చరిత్రలో చెరువు గట్టు కేవలం నీళ్లు ముంచుకునే చోటు కాదని చెప్పడానికి ఈ రెండూ చాలు. అందుకే చెరువు నిండిన రోజు ఇంట్లో తలుపేసుకొని కూర్చోమనే సలహా నాకు నచ్చదు. మన పెద్దలు ప్రాణాలు పెట్టి ఎక్కిన గట్టును మనంతట మనమే ఎందుకు దిగిపోవాలి?

ఇంతవరకు మనకు జరిగింది చెప్పుకున్నాం. మనం చేస్తున్నది కూడా చూసుకోవాలి కదా.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణాన్ని కొత్తగా చెప్పాడు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి విరక్తి కలిగిందనే పాత కథను ఆయన ఒప్పుకోలేదు. 29 ఏళ్ల మనిషి అప్పటిదాకా ముసలితనమే చూడలేదంటే ఎట్లా నమ్మేది అన్నాడు. ఆయన చెప్పిన కారణం నీళ్లు. శాక్యులకూ కోలియులకూ మధ్య రోహిణి నది ఉంది. రెండువైపులా దాని నీళ్లతోనే పొలాలు తడుపుకునేవాళ్లు. ముందు ఎవరు, ఎంత తీసుకోవాలన్నది ప్రతి ఏడూ తగాదాయే. ఒకసారి యుద్ధానికి సిద్ధమయ్యారు. సంఘంలో సిద్ధార్థుడు ఒప్పుకోలేదు. యుద్ధంతో తగాదా తీరదు, ఇంకో యుద్ధానికి విత్తనం పడుతుందన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. తనవాళ్లు చేసే యుద్ధంలో చేరలేక పరివ్రాజకుడై వెళ్లిపోయాడు. అంటే మన ధమ్మానికి మొదటి మెట్టు ఒక కాలువ గట్టు తగాదా దగ్గర పడింది. అప్పుడు సిద్ధార్థుడు నిలబడింది కూడా ఎదుటివాళ్లకు ఎదురుగా కాదు, తనవాళ్లకు ఎదురుగా.

ఆ రోహిణి ఇప్పుడు మన వీధిలో నేల కింద పారుతోంది. దాని పేరు బోరు. ఒక ఇంట్లో 300 అడుగుల బోరు ఉంటుంది. పక్కింటాయన 600 అడుగులు వేయిస్తాడు. ఆ వేసవికి మొదటి బోరు గాలి కొడుతుంది. రెండో ఆయన దొంగతనం చేసినట్టు ఎవరూ అనరు. తన జాగా, తన డబ్బు, తన మోటారు. అయితే నేల కింద నీళ్లకు గోడలు లేవు. చెరువు పక్కన వేసిన బోరు చాలావరకు చెరువు నీళ్లనే లాగుతుంది. "ఇవ్వనిది తీసుకోను" అని మనం ప్రతి వందనలో చెప్పుకునే రెండో శీలం ఇక్కడ ఏమంటుంది? ఈ నీళ్లు ఆయనకు ఎవరు ఇచ్చారు? వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. మన వీధుల్లో ఎంతమంది తీసుకున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బోరున్న బౌద్ధుడి ఇంటి ముందు బిందె పట్టుకొని వచ్చిన పక్కింటి అక్క ఎంతసేపు నిలబడుతోంది, ఏ మొహంతో తిరిగి పోతోంది అన్నది నాకు ఆయన గోడ మీది బుద్ధుడి పటం కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆనందుడు నీళ్లు అడిగితే "నేను చండాలుర పిల్లను" అని బెదిరిన ప్రకృతి కథ మనకు తెలుసు. నేను నీళ్లు అడిగాను, కులం అడగలేదు అన్నాడు ఆనందుడు. ఆ కథలో ఇప్పటిదాకా మనం ప్రకృతి పక్కన నిలబడి విన్నాం. ఇప్పుడు బిందె మన చేతిలో ఉంది.

జాగాల సంగతి ఇంకా చిక్కు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైంది. జిల్లా కేంద్రం అయ్యాక నేల ధర ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఎక్కడైనా ధర పెరిగితే ముందు ఆపద చెరువుకూ, వంకకూ వస్తుంది. చెరువులో ప్లాట్లు వేసేవాడిది దొంగతనమే, అందులో సందేహం లేదు. అయితే ఒక మాట మరిచిపోకూడదు. చాలా ఊళ్లలో మన కాలనీలు చెరువు ముంపు పక్కనో, వంక గట్టునో ఎందుకున్నాయి? మిట్ట మీది మంచి నేల మనకు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి. ఆక్రమణలు తీసేయాలని జేసీబీ వచ్చినప్పుడు ముందు ఆ గుడిసె దగ్గరికే పోతుంది, కాంపౌండ్ గోడ కట్టిన పెద్ద ప్లాటు దగ్గరికి కాదు. రెండో శీలం ఇవ్వనిది తీసుకున్నవాణ్ణి అడిగినట్టే, ఇవ్వవలసినది ఇవ్వకుండా పట్టుకున్నవాణ్ణి కూడా అడగాలి. గుడిసెవాడికి వేరేచోట పట్టా ఇచ్చి, ప్లాటు గోడ ముందు పడగొట్టమని అడగడం ధమ్మానికి వ్యతిరేకం కాదు. అదే గుడిసెవాడు రేపు పక్కన ఇంకో నాలుగు సెంట్లు చెరువులోకి జరిపి అమ్ముకుంటే మాత్రం అతణ్ణి మనవాడని వెనకేసుకురాకూడదు.

తాగునీటి గురించి కూడా ఒక మాట. 1995, 96 ప్రాంతంలో సత్యసాయి ట్రస్టు పథకం పాత అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీళ్లు తెచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన పల్లెల్లో అది చిన్న మేలు కాదు. బౌద్ధులమని ఆ మేలును లేదనడం అబద్ధమవుతుంది, అబద్ధం మనకు నిషిద్ధం. మేలు చేసినవాళ్ల మతం చూసి మేలును తూచనక్కరలేదు. అయితే దానంగా వచ్చిన నీళ్లకు చేతులు జోడిస్తాం, హక్కుగా వచ్చిన నీళ్లకు లెక్క అడుగుతాం. మహాడ్‌లో బాబాసాహెబ్ అడిగింది రెండోది. కొళాయి రెండు రోజులు రాకపోతే మన వాడకు ఎందుకు రాలేదని మునిసిపాలిటీ మెట్లెక్కి అడగాలంటే ఆ హక్కు మనసులో ఉండాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. చెరువు నిండిన రోజు పోవాలా? పోవాలి. పిల్లోళ్లను ఎత్తుకొని పోవాలి. ఎన్నేళ్లకో నిండిన నీళ్లను చూసి సంతోషపడటం మూఢనమ్మకం కాదు. హారతి పళ్లెం పట్టనక్కరలేదు, కాయ కొట్టనక్కరలేదు. తప్పెట కొట్టడానికే మనవాళ్లను పిలిచి, హారతి దగ్గరికి రానివ్వని ఊరైతే, ఆ తప్పెట ఇక మనం కొట్టమని మర్యాదగానే చెప్పాలి. ఈ ఏడు నిండింది హంద్రీ-నీవా నీళ్లతో అయితే, మల్యాల దగ్గర మోటార్లు ఎత్తిపోస్తే ఆ కృష్ణ నీళ్లు ఎన్ని మెట్లెక్కి మన వైపు వచ్చాయో పక్కనున్న పిల్లకు చెప్పండి. గంగమ్మ కరుణ కథ కంటే ఆ కథే పిల్లలు నోరు తెరిచి వింటారు.

ఇంట్లో అత్తో, అమ్మో దీక్ష తీసుకోలేదనుకోండి. ఆమె కొబ్బరికాయ సంచిలో పెట్టుకొని బయలుదేరితే ఏం చేయాలి? సంచి లాక్కునే కొడుకులను నేను చూశాను. అది ప్రతిజ్ఞ కాదు, పెత్తనం. ఆమె బావి దగ్గర చేద ముట్టనివ్వని రోజులు చూసిన మనిషి. నీళ్లను చూస్తే ఆమె చేతులు జోడించుకోవడంలో భయం ఎంతో, కృతజ్ఞత ఎంతో మనకేం తెలుసు? ఆమె చేయి పట్టుకొని కట్ట ఎక్కించండి. దారిలో మాట్లాడండి. నీరుగంటి పని చేసిన తాతల సంగతి ఆమెనే అడగండి, మన పుస్తకాల్లో లేనివి ఆమె చెబుతుంది.

చందా సంగతి మిగిలింది. గంగపూజకు పుస్తకం పట్టుకొని నలుగురూ ఇంటి ముందుకు వస్తారు. వాళ్లు మామా, చిన్నాన్నా అని మనం రోజూ పిలిచేవాళ్లే. ముఖం మీద తలుపు వేయకండి. కూర్చోబెట్టి నీళ్లివ్వండి. "పొట్టేలుకు రాయొద్దు మామా, మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. తూము పలక తుప్పు పట్టిపోయింది, మరువ దగ్గర కంప అడ్డం పడింది. ఆ పనికైతే మా పేరు ముందు రాయండి, మనిషిని కూడా పంపిస్తాం" అని చెప్పండి. ఆ పనికి పుస్తకమే లేదని వాళ్లు అంటారు. పది రూపాయల నోటుబుక్కు ఒకటి ఇంట్లో పెట్టుకోండి.